గంధం పట్టిన మూత

నేను రాసుకునే బల్ల మీద ఒక పెట్రోలు ట్యాంకు మూత ఉంది. ఇత్తడిది, అరచేతిలో ఇమిడేంత. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. కొందరు సిగరెట్టు బూడిద దులుపుకోవడానికి పెట్టుకున్నాననుకుంటారు. మా రంగత్త సగం జీవితం కారెక్కకుండా ఎందుకు ఉండిపోయిందో చెప్పే సాక్ష్యం ఇదేనని నేనంటే, ముసలాయనకు మతి తప్పుతోందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. నాకు అయిదో తరగతితోనే బడి అయిపోయింది, అదీ అరవ బడి. తెలుగు అక్షరాలు గోడ క్యాలెండర్లు చూసి నేర్చుకున్నాను. ఇంజను సంగతులు మా బావి దగ్గరి ఆయిల్ ఇంజన్‌ను విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్లలోనూ చదువుకోనివాళ్లలోనూ ఒకే రకం మూర్ఖత్వాన్ని చూశాను. ఒక మనిషి మీద ఒక మాట పడితే చాలు, అది నిజమా కాదా అని ఎవరూ మూత తీసి చూడరు. నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

రంగత్త మా నాయనకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయి, తమిళనాడులోని కంబైనల్లూరు పక్కన మెట్ట సేద్యం మీద బతికే మా ఉమ్మడి ఇంటికి తిరిగి వచ్చేసింది. ఇంటికి పెద్ద మా పెదనాయన. ఆయన సేలం వైపు నుంచి ఒక పాత నల్ల కారు కొని తెచ్చాడు. మా వైపు అప్పట్లో కారును కారనేవారు కాదు, ప్లెషరు అనేవారు. దాన్ని నిలిపే కొట్టంలోనే వేరుశనగ మూటలు వేసేవాళ్లం కాబట్టి పెట్రోలు వాసన, పచ్చి వేరుశనగ వాసన నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తురావు. పెదనాయనకు ఒక అలవాటుండేది. సాయంత్రం ఎక్కడికీ పోయే పని లేకపోయినా తుండుగుడ్డ భుజాన వేసుకుని, నిలబడి ఉన్న కారులో వెనక సీటు కుడి మూలన కూర్చుని తాంబూలం నమిలేవాడు. ఊరి తగవులు కూడా అక్కడి నుంచే తీర్చేవాడు. న్యాయం కావలసినవాడు కిటికీ దగ్గర నడుము వంచి మాట్లాడాలి. అత్త మాత్రం తెల్లారకముందే లేచి ఆ బండిని తడిగుడ్డతో అద్దంలా తుడిచి, ఆ తర్వాతే సంగటికి ఎసరు పెట్టేది. ఇంట్లో దాన్ని రోజూ ముట్టుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎక్కడానికి మాత్రం ఏడాదికి ఒక్కరోజే.

అది ఆయుధ పూజ మరునాడు. మా ఇలవేల్పు గుడి పాపిరెడ్డిపట్టి దాటాక చిత్తేరి కొండల వైపు ఎక్కే దారిలో ఉంది. పూజ రోజు కొడవళ్లు, నాగళ్లు, తూకపు రాళ్లు, ఆయిల్ ఇంజన్ అన్నీ కడిగి బొట్లు పెట్టాక, అన్నిటికంటే చివర ప్లెషరు వంతు. ముందే దాని కడుపు నిండా పెట్రోలు పోయించేవాడు పెదనాయన, పండగపూట బండి పస్తుండకూడదని. గంధం తీసే పని అత్తది. పొద్దున్నుంచి సాన ముందు కూర్చుని, భుజాలు పడిపోయేలా చెక్క అరగదీసి గిన్నె నింపేది. ఆమె తీసిన గంధం వెన్నలా ఉండేది, ఇల్లంతా చల్లటి వాసన. కానీ ఆమె గంధం తీయవచ్చు, బొట్టు పెట్టకూడదు. పెట్టేది మా పెద్దమ్మ. దీపాలకు, చక్రాలకు, స్టీరింగుకు ఒక్కో వేలి బొట్టు పెట్టి, చివరకు వెనక్కి వచ్చి పెట్రోలు మూత మీద అరచేత్తో మెత్తేది, అప్పచ్చి మందాన. దాని మీద కుంకుమ. "దాని నోరు అదే గదా, నోటికి పెట్టకుంటే ఎట్లా?" అనేది.

మరునాడు ఇంటిల్లిపాదీ అందులో ఇరుక్కుని బయలుదేరేవాళ్లం. డ్రైవరు మాదప్ప, ముందు నాయన, వెనక పెదనాయన, పెద్దమ్మ, అమ్మ, అత్త, వాళ్ల ఒళ్లో మేము. చదును దారిలో బండి బాగానే పోయేది. పాపిరెడ్డిపట్టి దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి దగ్గేది. రెండో మలుపులో, రోడ్డు పక్కన ఏనుగు వీపులాంటి పెద్ద గుండు ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి ఊపిరి పోయినట్టు ఆగిపోయేది. మాదప్ప ఎంత గింజుకున్నా అందుకునేది కాదు. మొదటి ఏడు మాదప్ప ఎలాగో కదిలించాడు, పెద్దమ్మ అత్త వైపు చూసింది అంతే. రెండో ఏడు కూడా అక్కడే ఆగేసరికి నోరు తెరిచింది.

"రంగమ్మా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు కొంచెం దిగు తల్లీ. రాశి అని ఒకటి ఉండాది గదా." మా వైపు రాశి అంటే అదృష్టం, కలిసిరావడం.

అత్త దిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడక మొదలుపెట్టింది. అప్పటికి పెట్రోలు కొలిచే ముల్లు ఎప్పుడో పాడైపోయింది, అందుకని మాదప్ప వేపపుల్ల పట్టుకుని వెనక్కి వచ్చి, ట్యాంకు మూత తిప్పి, పుల్ల ముంచి చూశాడు. మూత తియ్యగానే బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. వెనక కిటికీలోంచి తల బయట పెట్టి నేను విన్నాను. "పామే సామీ, కోపం దిగిపోయె," అన్నాడు మాదప్ప నవ్వుతూ. మూత బిగించి, వెళ్లి స్టార్టరు లాగాడు. బండి ఒక్కసారికే అందుకుంది.

"చూస్తిరా, చూస్తిరా! అత్త దిగినాది, బండి కదిలినాది!" అని చప్పట్లు కొట్టినవాడు మా గోపాలన్న, పెదనాయన కొడుకు. బండి అత్తను దాటి పోయింది. ఆమె రోడ్డు అంచుకు జరిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మేము లేపిన దుమ్ములో నిలబడింది. పైన గుడి దగ్గర మేము పొంగలి తింటుండగా చేరుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే మలుపు, అదే దిగడం, అదే బుస్సు, అదే చప్పట్లు. ఒక మనిషి మీద నేరం మోపడానికి ఇంతకంటే గట్టి రుజువు ఏ కోర్టుకు కావాలి? కొన్నేళ్లకు ఆమే రావడం మానేసింది. "నేను ఇల్లు చూసుకుంటాను, మీరు పోయిరాండి," అనేది. గంధం మాత్రం తీస్తూనే ఉంది. ఆమె రాకపోయినా బండి అక్కడే ఆగేది, బయలుదేరేటప్పుడు ఆమె ముఖం చూశామనేవాళ్లు.

పెదనాయన, నాయన పోయాక భాగాలు పంచుకున్నాం. మంచి భూమి కోసం అందరూ గొంతులు చించుకున్నారు. మూలన పడ్డ కారూ, రంగత్తా మా వైపు వచ్చాయి. ఆ రెండిటి కోసం ఎవరూ పోటీ పడలేదు. కోపంతో రాయడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అయినా కోపం వస్తే రానివ్వండి.

కాలం మారింది. మా ఊళ్లో ఇప్పుడు ఏ ఇంటి ముందు చూసినా కారు ఉంది. తలుపు తీసి పెడితే చాలు, కూయి కూయి అని మనిషిలా మొర పెట్టుకునే కార్లు. పేరు తెలియని రంగులు. కానీ రంగత్త వాటిలో దేనికీ దగ్గరగా పోదు. పోయిన ఎండాకాలం ఆమెకు కళ్లు తిరిగితే ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోదామని బాడుగ కారు పిలిచాను. తొంభై దాటిన మనిషి వాకిట్లో స్తంభం పట్టుకుని మొండికేసింది.

"నేనెక్కితే నిలిచిపోతాదిరా సీనా. ఆ డ్రైవరు పిలగాని పిల్లలు ఆకలితో ఉండరూ? నన్ను టౌన్ బస్సులో పిలుచుకోని పో."

"బస్సు ఆగదా అత్తా నువ్వెక్కితే?"

"బస్సులో నూరు మంది రాశి ఉంటాది గదా, నాదేం లెక్క!"

నవ్వుతూనే అంది. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది, ఎవరో కాలేజీ పిల్ల లేచి చోటిచ్చేదాకా. ఆ రోజు ఆ బస్సులో నాకు పట్టిన కోపం నా డెబ్బై ఏళ్లలో ఎప్పుడూ పట్టలేదు. ఏ కారు అయితే ఆమెను దించిందో అదే కారు బాగు చేస్తాను, అదే దారిలో ఆమెను కూర్చోబెట్టి తీసుకుపోతాను, ఆగకుండా పైకి ఎక్కిస్తాను అని పంతం పట్టాను. గోపాలన్న వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడి, "ఇనుమోడికి వెయ్యరా. ఇది అప్పుడే రాశి లేని బండి," అన్నాడు. రాశి లేనిది బండా, అత్తా, ముందు ఏదో ఒకటి తేల్చుకో అన్నాను. చేతికర్ర ఊపుకుంటూ పోయాడు.

ఇంజను నేను అనుకున్నంత పాడవలేదు. ట్యాంకే పోయింది. డిక్కీ నేల కింద రెండు ఇనుప పట్టీల మీద వేలాడుతుంది అది. పట్టీల మరలు తుప్పులో కలిసిపోయి రంపానికి గానీ రాలేదు. దించి కదిపితే లోపల తుప్పు పెళ్లలు ఎండిన వేరుశనగ కాయల్లా గలగలమన్నాయి. అడుగున మిగిలిన పెట్రోలు బంకలా మారి, పాత వార్నీషు వాసన కొట్టింది. ధర్మపురిలో సెల్వం అని రేకుపని చేసేవాడున్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, అక్షరం మాత్రం రాదు. పాత ట్యాంకు కొలతకు కొత్తది తయారు చేసి ఇచ్చాడు, గాలి దూరని గట్టి మూతతో సహా. పైభాగంలో ఒక సన్నటి గొట్టం ముక్క కూడా అతికి ఉంది. పట్టీల కింద పాత ట్రాక్టరు ట్యూబు ముక్కలు పరిచి, రేకూ ఇనుమూ ఒరుసుకోకుండా ట్యాంకు ఎక్కించాను. పెట్రోలు కొలిచే ముల్లు బిగించేచోట బెండు వాషరు వేశాను. మూతి దగ్గర రబ్బరు గొట్టానికి రెండువైపులా బిగింపులు వేశాను. ఆ సన్న గొట్టం ముక్కను చూసి మాత్రం నాకు నచ్చలేదు. ఆయిల్ ఇంజన్ దగ్గర పెరిగిన చెయ్యి ఇది. డీజిలు దారిలో గాలి చేరితే ఇంజన్ చచ్చిపోతుంది, చెమటలు కక్కుతూ ఆ గాలి తీయడంలోనే నా వయసంతా గడిచింది. నూనెకు గాలి శత్రువు, అంతే నాకు తెలిసింది. సైకిలు ట్యూబు ముక్క తొడిగి, తీగ చుట్టి, ఆ గొట్టాన్ని ఊపిరాడకుండా మూసేశాను. చాలా బాగా చేశాననుకున్నాను.

ట్యాంకు నిండా పెట్రోలు పోసి మొరప్పూరు వైపు ఒక్కడినే బయలుదేరాను. బండి బ్రహ్మాండంగా పోయింది. కాలవ గట్టు ఎక్కేచోట దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఊపిరి పోయినట్టు ఆగిపోయింది. ఆ ఆగడం కూడా నాకు తెలుసు. పక్క సీట్లో రంగత్త లేదు, ఏ అత్తా లేదు. నేనూ, నా కోపమూ తప్ప ఎవరూ లేము. దిగి వెనక్కి వచ్చి మూత తిప్పాను.

బుస్సు.

మూత చేతిలో పట్టుకుని ఆ ఎండలోనే నిలబడ్డాను. పాము కాదు, కోపం కాదు. ట్యాంకు లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడది. లోపలి పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీని నింపడానికి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు దవడలు బిగబట్టుకుని పెట్రోలును ముందుకు పోనివ్వదు. చదునులో ఎలాగో లాగిన పంపు ఎక్కుడులో ఓడిపోతుంది. స్టార్టరు లాగాను. ఒక్కసారికే అందుకుంది. ఇంటికి వచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా పాత ఇనుప సామాన్ల పెట్టె బోర్లించాను. ఇత్తడి మూత దొరికింది. దాని నడుమ ఒక గుంట ఉంది, గుంటలో రాయిలా గట్టిపడినదేదో ఉంది. సూదితో గీకితే ఒక పొర పసుపు, ఒక పొర ఎరుపు, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. అడుగున సూది పట్టేంత రంధ్రం. ఆ మూతను గోరువెచ్చటి నీళ్లలో వేశాను. కొంచెంసేపటికి, ఆ పాడు కొట్టంలో, తుప్పు వాసన మధ్యలోంచి, గంధం వాసన లేచింది. మా ఉమ్మడి ఇంటి ఆయుధ పూజ పొద్దు అది. కళ్లు మూసుకుంటే సాన మీద చెక్క తిరుగుతున్న చప్పుడు కూడా వినబడింది.

అత్త వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మూత ముక్కు దగ్గర పెట్టాను.

"ఇది నా గంధమేరా! యాడిది?"

"అత్తా, నూనె డబ్బా తెరిచేటప్పుడు రెండు చిల్లులు ఎందుకు కొడతావు?"

"ఒకటి నూనె వచ్చేదానికి, ఒకటి గాలి పొయ్యేదానికి. లేకుంటే గుటకలు మింగతా నిలిచిపోతాది. ఆ మాత్రం తెలీకనే సంసారం చేస్తివా?"

"ప్లెషరుకు రెండో చిల్లు ఇదిగో, మూతలో. దీని మీద పెద్దమ్మ ప్రతి ఏడూ నీ గంధం మెత్తింది. పచ్చి గంధానికి చిల్లు పూడిపోయింది, ఎండి బీటలు వారితేనే మళ్లీ గాలి దూరేది. మరునాడు ఎక్కుడులో బండి గుటకలు మింగింది. నువ్వు దిగినాక మాదప్ప పుల్ల ముంచేదానికి మూత తీసినాడు, గాలి లోపలికి పోయింది, బండి కదిలింది."

ఆమె మూతను తిప్పి తిప్పి చూసింది. చింతపండు జిగురు వేలితో ఆ రంధ్రాన్ని మూసింది, తీసింది. మొదట నవ్వింది. "నేను తీసిన గంధమేనా నన్ను దించింది!" అని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక వీధి వైపు చూసి, నన్ను కాక ఇంకెవరినో అడిగినట్టు అంది.

"అయితే నేను కాదా, సీనా?"

"నువ్వు కాదత్తా."

ఆ ముక్క చెప్పడానికే నేను ఇన్నేళ్లు బతికానేమో అనిపించింది.

సెల్వం రాగి గొట్టం తీసుకుని వచ్చాడు. నేను కట్టిన సైకిలు ట్యూబు ముక్క చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏమయ్యా, బిడ్డకు ముక్కు మూసి పాలు పోస్తిరే! ఇంత కష్టమెందుకు, మూతకే ఒక చిల్లు కొట్టేస్తాను," అన్నాడు.

"వద్దు. మా ఇంట్లో మూతకు గంధం పెడతారు."

"పెట్టొద్దని చెప్పండి."

"ఎందుకు చెప్పాలి? గంధం మంచిదే, గాలీ మంచిదే. రెండూ ఒకే చిల్లుకు పోటీ పడకుండా చేస్తే చాలు."

ట్యాంకు పై గొట్టం ముక్కకు రాగి గొట్టం బిగించి, డిక్కీ గోడ వెంట పెట్రోలు పోసే మూతికంటే ఎత్తుకు తీసుకుపోయాం, ఎక్కుడులో బండి ఎంత వెనక్కి వాలినా పెట్రోలు పొర్లకుండా. అక్కడొక మెలిక తిప్పి, మళ్లీ కిందికి దించి, నేలకు చిల్లు పెట్టి బయటికి వదిలాం, ఆవిరి లోపల కూర్చున్నవాళ్ల ముక్కుకు కొట్టకుండా. చివర కందిరీగలు మట్టి గూడు పెట్టకుండా సన్నటి ఇత్తడి జల్లెడ గుడ్డ కట్టాం. ఆ గొట్టం కొసన తడి వేలు పెడితే, ఇంజను తిరుగుతున్నప్పుడు చల్లగా తగులుతుంది. బండి ఊపిరి పీల్చడం అన్నమాట.

ఈసారి ఆయుధ పూజకు గంధం రంగత్తే తీసింది, సాన నేను కడిగిచ్చాను. బొట్లు ఎవరు పెడతారని నా భార్య అడిగింది. గిన్నె అత్త చేతిలోంచి ఎవరూ తీసుకోవద్దని చెప్పాను. అత్త దీపాలకు, చక్రాలకు వేలి బొట్లు పెట్టి, కర్ర ఆనుకుంటూ వెనక్కి వచ్చి, కొత్త మూత మీద అరచేత్తో మెత్తింది. పెద్దమ్మ పెట్టినదానికి రెట్టింపు మందాన. "ఇప్పుడు చూస్తాం," అంది.

మరునాడు ఆమె పెదనాయన మూలలో, వెనక సీటు కుడివైపున కూర్చుని తాంబూలం నోట్లో వేసుకుంది. గోపాలన్నను నేనే పిలిచాను. నా పక్కన ముందు సీట్లో కర్ర కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట, "ఎక్కుడు రానీ, ఎక్కుడు రానీ." హరూరు దాటాం, పాపిరెడ్డిపట్టి దాటాం. ఎక్కుడు వచ్చింది. గేరు మార్చాను. గోపాలన్న కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. నాకూ భయం వేసింది, దాచడం ఎందుకు. మొదటి మలుపు. అద్దంలో అత్త కళ్లు మూసుకుని ఉంది, దవడ కదలడం లేదు. ఏనుగు వీపు గుండు కనబడింది. బండి దగ్గలేదు. గుండు పక్కకు వచ్చింది. బండి దగ్గలేదు. గుండు వెనక్కి పోబోతుండగా అత్త గట్టిగా అంది.

"ఆపరా సీనా!"

ఆపాను. గోపాలన్న ఎగిరిపడ్డాడు. "ఏమాయె? నిలిచిపోయెనా? నేను చెప్పలా!"

"నిలిచిపోలేదు. నేను నిలపమంటి," అంది అత్త. తలుపు తీసుకుని దిగి, గుండు మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడింది. తర్వాత, "గోపాలా, నువ్వూ దిగు నాయనా," అంది. దిగాడు. ఆమె వచ్చి తన మూలలో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఇంక పోనీ."

"మరి అన్న సంగతి, అత్తా?"

"వస్తాడులే. ఒక మలుపే గదా. నేను రాలేదూ?"

పోనిచ్చాను. అద్దంలో గోపాలన్న నోరు తెరుచుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అత్త కిటికీలోంచి తల బయట పెట్టి, ముడతలు పడ్డ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. "చూస్తిరా, చూస్తిరా! గోపాలుడు దిగినాడు, బండి కదిలినాది!" అంది. నేను స్టీరింగు మీద తల ఆనించి నవ్వాల్సింది, ఎక్కుడు కాబట్టి సరిపోయింది.

పై మలుపు తిరిగాక నీడ చూసి ఆపాను. వెనక్కి వెళ్లి చూస్తే గంధం బీటలు వారింది గానీ మూతను వదల్లేదు. గోపాలన్న కర్ర తాటించుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను. వస్తూ వస్తూ దగ్గుతూ నవ్వుతున్నాడు, చిన్నప్పుడు నవ్వినట్టే. కారు మీద చెయ్యి వేసి ఆయాసం తీర్చుకున్నాడు.

"ఎట్లుందిరా ఎక్కుడు?" అని అడిగింది అత్త.

"కాళ్లు పట్టుకున్నాయత్తా."

"నాకూ పట్టుకుంటా ఉండె," అంది ఆమె. నీళ్ల చెంబు అందించి, వెనక సీట్లో కొంచెం జరిగి, తన పక్కన చోటు చూపించింది.

"ఎక్కు."

ఎక్కాడు. నేను స్టార్టరు లాగాను. బండి ఒక్కసారికే అందుకుంది.